కొవ్వుల జీవక్రియలో జన్యు వైవిధ్యం – అధిక రక్తపోటు ముప్పు: విస్తరణ సేవలకు అన్వయం

పరిచయం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 5వ విడత (2019-21) ప్రకారం దేశంలో 15 ఏళ్లు, ఆపై వయసు గల పురుషులలో 24 శాతం, స్త్రీలలో 21 శాతం మందికి రక్తపోటు ఎక్కువగా ఉంది లేదా వారు దాని నియంత్రణకు మందులు వాడుతున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఈ నిష్పత్తి జాతీయ సగటును మించి ఉంది. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారిలో రక్తంలోని కొవ్వులు కూడా అధికంగా ఉండడం వైద్య పరీక్షలలో తరచు కనిపించే విషయం. ఈ రెండూ జంటగా కనిపించడం వల్ల, ఒకటి రెండవదానికి కారణమనే భావన ప్రజలలో స్థిరపడింది. వంట నూనె మార్చుకుంటే రక్తపోటు దానంతట అదే అదుపులోకి వస్తుందని కొందరు నమ్ముతారు. వంశంలో ఉన్న జబ్బుకు ఆహార నియమం వల్ల ప్రయోజనం లేదని మరికొందరు భావిస్తారు.

కొవ్వుల జీవక్రియను నడిపే జన్యువులలోని తేడాలే రక్తపోటును కూడా పెంచుతున్నాయా? లేక ఈ రెండు లక్షణాలు వేర్వేరు మార్గాలలో పెరిగి ఒకే మనిషిలో కలుస్తున్నాయా? ఈ ప్రశ్నకు లభించే సమాధానాన్ని బట్టి గ్రామీణ కుటుంబాలకు ఇవ్వవలసిన సలహా మారుతుంది. మొదటిది నిజమైతే కొవ్వులను సరిచేసుకున్న కుటుంబానికి రక్తపోటు బెడద కూడా తీరాలి. రెండవది నిజమైతే మంచి నూనె వాడుతూ ఉప్పు తగ్గించని కుటుంబం పక్షవాతం ముప్పును మోస్తూనే ఉంటుంది. గత కొన్ని దశాబ్దాల జన్యు పరిశోధనలు ఈ విషయంలో ఏమి తేల్చాయో, వాటిని విస్తరణ సేవలకు ఎలా అన్వయించుకోవచ్చో ఈ వ్యాసంలో పరిశీలించడమైనది.

రక్తపోటు వారసత్వం: బహుజన్యు లక్షణం

అధిక రక్తపోటు ఒకే జన్యువు వల్ల సంక్రమించే ప్రత్యేక వ్యాధియా, లేక మనిషి ఎత్తు వలె సమాజమంతటా క్రమంగా మారుతూ పోయే లక్షణమా అన్న అంశంపై 1950 దశకంలో బ్రిటన్ వైద్యులు రాబర్ట్ ప్లాట్, జార్జ్ పికరింగ్ మధ్య తీవ్రమైన చర్చ జరిగింది. ప్లాట్ మొదటి పక్షాన, పికరింగ్ రెండవ పక్షాన వాదించారు. చివరకు పికరింగ్ వాదమే నిలిచింది. అనేక మెండల్ కారకాలు కలిసి పనిచేస్తే అవిచ్ఛిన్నంగా మారే లక్షణం ఏర్పడుతుందని ఆర్.ఎ. ఫిషర్ 1918లోనే గణితపరంగా చూపి ఉన్నారు. వరి దిగుబడిని అధ్యయనం చేసిన విద్యార్థులకు ఈ భావన కొత్త కాదు. దిగుబడిని ఒక్క జన్యువు నిర్ణయించదు. చిన్న చిన్న ప్రభావాలు గల అనేక జన్యువులు, వాటితో పాటు నీరు, ఎరువు, వాతావరణం కలిసి నిర్ణయిస్తాయి. రక్తపోటు కూడా అటువంటిదే.

2018లో 10 లక్షలకు పైగా వ్యక్తుల జన్యు సమాచారంతో ప్రచురితమైన విశ్లేషణ నాటికి రక్తపోటుతో సంబంధం గల జన్యు స్థానాల సంఖ్య సుమారు 900కు చేరింది. వీటిలో ఒక్కొక్క సాధారణ రూపాంతరం రక్తపోటును మార్చేది సాధారణంగా 1 మి.మీ. పాదరసం కంటే తక్కువే. అందువల్ల ఏ ఒక్క జన్యువును పరీక్షించినా ఒక వ్యక్తి రక్తపోటును అంచనా వేయడం సాధ్యం కాదు.

అయితే ఒకే జన్యువు దెబ్బతినడం వల్ల రక్తపోటు విపరీతంగా పెరిగే అరుదైన రుగ్మతలు కొన్ని ఉన్నాయి. 1963లో వర్ణించబడిన లిడిల్ రుగ్మత వాటిలో ఒకటి. మూత్రపిండ నాళికలలో సోడియంను తిరిగి పీల్చుకునే మార్గం అవసరానికి మించి తెరుచుకొని ఉండడమే దీనికి మూలం. ఇటువంటి ఏకజన్యు రుగ్మతలను పరిశీలించినపుడు అత్యధికం చివరకు ఒకే చోటికి చేరుతున్నట్లు తెలిసింది. ఆ చోటు మూత్రపిండాలు ఉప్పును నిర్వహించే వ్యవస్థ, దానిని నియంత్రించే అడ్రినల్ హార్మోన్లు. కొవ్వును నిర్వహించే జన్యువులు ఈ జాబితాలో ప్రధాన స్థానంలో లేవు. రక్తపోటుకు సంబంధించి ప్రకృతి ఇచ్చిన మొదటి సూచన ఇది.

కొవ్వుల జీవక్రియలో ప్రధాన జన్యువులు

కొవ్వులు నీటిలో కరగవు. అందువల్ల రక్తంలో అవి మాంసకృత్తులతో కూడిన సూక్ష్మ కణాలుగా ప్రయాణిస్తాయి. కాలేయం నుండి కణజాలాలకు కొలెస్టరాల్‌ను చేరవేసే తక్కువ సాంద్రత కణాలను ఎల్‌డిఎల్ అనీ, అధిక సాంద్రత గల కణాలను హెచ్‌డిఎల్ అనీ వ్యవహరిస్తారు. ఈ రవాణాను నడిపే జన్యువులలో మూడింటిని ఇక్కడ పేర్కొనడం అవసరం.

మొదటిది ఎల్‌డిఎల్ గ్రాహక జన్యువు. ఎల్‌డిఎల్ కణాలను రక్తం నుండి కాలేయంలోకి తీసుకొనే గ్రాహకాన్ని కనుగొన్నందుకు మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి లభించింది. ఈ జన్యువు యొక్క ఒక ప్రతి దెబ్బతిన్నవారిలో పుట్టుక నుండే ఎల్‌డిఎల్ కొలెస్టరాల్ అధికంగా ఉంటుంది. ఇటువంటి వంశపారంపర్య అధిక కొలెస్టరాల్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 250 నుండి 300 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా.

రెండవది పిసిఎస్‌కె9. ఇది గ్రాహకాలను నాశనం చేసే మాంసకృత్తిని తయారుచేస్తుంది. ఈ జన్యువు పనిచేయని రూపాంతరం గల ఆఫ్రికన్ అమెరికన్లలో ఎల్‌డిఎల్ కొలెస్టరాల్ 28 శాతం, 15 సంవత్సరాల కాలంలో గుండె రక్తనాళాల వ్యాధి 88 శాతం తక్కువగా ఉన్నట్లు 2006లో వెల్లడైంది. రక్తపోటు, ధూమపానం, మధుమేహం విస్తారంగా ఉన్న జనాభాలో కూడా ఈ రక్షణ కనిపించడం గమనార్హం.

మూడవది సిఇటిపి. హెచ్‌డిఎల్ కణాలలోని కొలెస్టరాల్ ఎస్టర్లను ఇతర కణాలకు బదిలీ చేసే మాంసకృత్తికి ఇది మూలం. ఈ జన్యువు లోపించిన కుటుంబాలను జపాన్‌లో గుర్తించారు. వారిలో హెచ్‌డిఎల్ చాలా ఎక్కువగా ఉంటుంది. కొవ్వులకు, రక్తపోటుకు గల సంబంధాన్ని తేల్చడంలో ఈ జన్యువు ముఖ్యమైన పాత్ర వహించింది.

సహసంబంధం, కారణత్వం: క్షేత్ర ప్రయోగంతో పోలిక

రెండు లక్షణాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదు. ఎక్కువ ఎరువు వేసిన రైతు పొలంలో దిగుబడి ఎక్కువ వచ్చినపుడు, ఆ రైతుకు నీటి వసతి కూడా మెరుగ్గా ఉండి ఉండవచ్చు. ఈ చిక్కును తొలగించడానికే క్షేత్ర ప్రయోగాలలో ట్రీట్‌మెంట్లను చీటీ పద్ధతిలో మడులకు కేటాయిస్తారు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో ఫిషర్ రూపొందించిన ఈ విధానం నేటికీ వ్యవసాయ పరిశోధనకు పునాదిగా ఉంది.

మనుషులలో కొలెస్టరాల్, రక్తపోటు విషయంలోనూ ఇదే చిక్కు ఉంది. వయసు, స్థూలకాయం, ఇన్సులిన్ నిరోధకత, శారీరక శ్రమ లేకపోవడం ఈ రెండింటినీ ఏకకాలంలో పెంచగలవు. అయితే ప్రకృతి ఇక్కడ తానే ఒక చీటీ వేస్తుంది. క్షయకరణ విభజన సమయంలో తల్లిదండ్రుల జన్యు రూపాంతరాలలో ఏది బిడ్డకు చేరుతుందన్నది యాదృచ్ఛికంగా నిర్ణయమవుతుంది. ఆ బిడ్డ తరువాత తినే తిండి, చేసే పని ఆ నిర్ణయాన్ని మార్చలేవు. కాబట్టి ఎల్‌డిఎల్‌ను పెంచే రూపాంతరం పొందినవారిని, పొందనివారిని పోల్చడం దాదాపు ఒక యాదృచ్ఛిక ప్రయోగంతో సమానం. దీనినే మెండీలియన్ యాదృచ్ఛికీకరణ అంటారు. ఈ ఆలోచనకు తొలిరూపాన్ని 1986లో మార్టిన్ కటాన్ అనే డచ్ పోషకాహార శాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఆయన ఎంచుకున్నది కూడా కొవ్వుల రవాణాకు సంబంధించిన ఎపిఓఇ జన్యువే.

క్షేత్ర ప్రయోగంలో వలెనే ఈ పద్ధతికీ నియమాలు ఉన్నాయి. ఒకే జన్యువు పలు లక్షణాలపై నేరుగా ప్రభావం చూపితే ఫలితం తప్పుదారి పట్టవచ్చు. పక్కనే ఉన్న మరొక జన్యువుతో సహలగ్నత ఉన్నా, పోల్చే సమూహాల పూర్వీకుల మూలాలు వేరైనా అదే ప్రమాదం ఉంది. అందుకే ఒక్క జన్యువుపై కాక పలు జన్యువులపై ఆధారపడి నిర్ధారణకు రావడం ఆనవాయితీ.

సిఇటిపి ఉదంతం

హెచ్‌డిఎల్‌ను పెంచితే గుండెకు రక్షణ కలుగుతుందన్న ఆశతో సిఇటిపి మాంసకృత్తిని అడ్డుకొనే టార్సెట్రపిబ్ అనే మందును ఫైజర్ సంస్థ రూపొందించింది. సుమారు 15,000 మందిపై జరిగిన పరీక్షలో ఈ మందు హెచ్‌డిఎల్‌ను 72 శాతం పెంచింది, ఎల్‌డిఎల్‌ను 25 శాతం తగ్గించింది. కొవ్వుల కొలతలు మాత్రమే చూస్తే ఇది ఘనవిజయం. కానీ మందు తీసుకున్నవారిలో మరణాలు పెరిగినందున 2006 డిసెంబరులో పరీక్షను అర్ధాంతరంగా నిలిపివేయవలసి వచ్చింది. వారిలో పై రక్తపోటు సగటున 5.4 మి.మీ. పెరిగినట్లు తేలింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన ప్రశ్న తలెత్తింది. కొవ్వుల రవాణాను మార్చడం వల్లనే రక్తపోటు పెరిగిందా? లేక ఆ మందు అణువుకు గల వేరే స్వభావం వల్ల పెరిగిందా? దీనికి జన్యువులు సమాధానం చెప్పాయి. సిఇటిపి చర్యను సహజంగానే తగ్గించే రూపాంతరాలు గల వ్యక్తులను పరిశీలించగా, కొవ్వుల కొలతలలో మందు తెచ్చిన మార్పుల దిశలోనే మార్పులు కనిపించాయి. రక్తపోటు మాత్రం పెరగలేదు. ఈ ఫలితాలు 2010లో ప్రచురితమయ్యాయి. మందు వాడినవారిలో ఆల్డోస్టిరాన్ హార్మోను పెరిగిందన్న పరిశీలన కూడా దీనికి తోడైంది. ఆల్డోస్టిరాన్ మూత్రపిండాలలో ఉప్పును నిలిపి ఉంచుతుంది. అంటే ఈ ఉదంతంలో రక్తపోటును పెంచడంలో కొవ్వు మార్గం కంటే ఉప్పు మార్గానిదే ప్రధాన పాత్ర అని భావించడానికి బలమైన ఆధారం లభించింది.

ఈ ఉదంతం రెండు పాఠాలు నేర్పుతుంది. కొవ్వుల కొలతలు మెరుగుపడినంత మాత్రాన రక్తపోటు మెరుగుపడదు. ఒక కొలతలో వచ్చిన మేలు మరొక కొలతలో జరుగుతున్న కీడును కప్పిపుచ్చగలదు.

మరి జనసామాన్యంలో ఈ రెండూ జంటగా ఎందుకు కనిపిస్తాయి? ఉమ్మడి కారణాలలో ప్రధానమైనది శరీర బరువు. బరువును పెంచే జన్యు రూపాంతరాలు, ఉదాహరణకు 2007లో గుర్తించిన ఎఫ్‌టిఓ జన్యు రూపాంతరం, రక్తపోటును కూడా పెంచుతున్నట్లు మెండీలియన్ యాదృచ్ఛికీకరణ అధ్యయనాలు చూపాయి. బరువు పెరుగుదల రక్తపోటుకు కారణమన్న నిర్ధారణ దీనివల్ల బలపడింది.

రెండు మార్గాలు కలిసే చోటు

మార్గాలు వేరైనా గమ్యం ఒక్కటే. అది ధమని గోడ. ధమని లోపలి పొర నైట్రిక్ ఆక్సైడును విడుదల చేసి నాళాన్ని వ్యాకోచింపజేస్తుంది. ఈ వ్యవస్థను వెలికితీసిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి లభించింది. ఎల్‌డిఎల్ కణాలు దీర్ఘకాలం అధికంగా ఉంటే ఈ పొర పనితీరు దెబ్బతిని, గోడలో కొవ్వు పేరుకొని, నాళం క్రమంగా గట్టిపడుతుంది. మరోవైపు అధిక పీడనం అదే గోడను నిరంతరం ఒత్తుతూ గాయపరుస్తుంది. ఒక కాలువ గట్టును లోపలి నుండి చెమ్మ మెత్తబరుస్తుండగా పైనుండి వరద తాకినట్లుగా రెండు నష్టాలూ ఒకేచోట చేరతాయి.

2019లో బ్రిటన్‌కు చెందిన సుమారు 4,39,000 మంది జన్యు సమాచారంపై ప్రచురితమైన అధ్యయనం ఈ కలయికను అంకెలలో చూపింది. పుట్టుకతో వచ్చిన రూపాంతరాల ఆధారంగా, జీవితకాలమంతా ఎల్‌డిఎల్ డెసిలీటరుకు సుమారు 39 మి.గ్రా., పై రక్తపోటు 10 మి.మీ. తక్కువగా ఉండడం వల్ల ప్రధాన గుండె సంఘటనల ముప్పు సుమారు 78 శాతం తగ్గుతుందని అంచనా వేశారు. రెండింటి ప్రయోజనాలు స్వతంత్రమైనవి, ఒకదానికొకటి తోడయ్యేవి. ఒకటి రెండవదానికి ప్రత్యామ్నాయం కాదు.

పొలం నుండి కాలేయం వరకు: డీశాచ్యురేజ్ ఎంజైములు

కొవ్వు ఆమ్లాల విషయంలో మొక్కకు, మనిషికి మధ్య ఆసక్తికరమైన కొనసాగింపు ఉంది. వేరుశనగ గింజలో ఎఫ్‌ఎడి2 జన్యువులు ఓలియిక్ ఆమ్లాన్ని లినోలియిక్ ఆమ్లంగా మారుస్తాయి. మనిషికి ఈ ఎంజైము లేదు. అందుకే లినోలియిక్ ఆమ్లాన్ని ఆహారం ద్వారానే పొందాలి. తరువాతి పనిని మానవ కాలేయంలోని ఎఫ్‌ఎడిఎస్1, ఎఫ్‌ఎడిఎస్2 జన్యువులు అందుకొని, దానిని అరాకిడోనిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఈ ఆమ్లం నుండి రక్తనాళాలను సంకోచింపజేసే థ్రాంబాక్సేన్, వ్యాకోచింపజేసే ప్రోస్టాసైక్లిన్ రెండూ తయారవుతాయి.

ఎఫ్‌ఎడిఎస్2లో 22 జతల క్షారాల చేర్పు గల రూపాంతరం ఈ మార్పిడిని వేగవంతం చేస్తుంది. 2016లో ప్రచురితమైన కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకుల అధ్యయనంలో పుణేకు చెందిన శాకాహార సంప్రదాయ జనాభాలో 68 శాతం మందికి రెండు ప్రతులలోనూ ఈ చేర్పు ఉండగా, అమెరికా నమూనాలో 18 శాతం మందికే ఉంది. తరతరాలుగా మొక్కల ఆహారంపై ఆధారపడిన జనాభాలో ఈ రూపాంతరం ప్రకృతి వరణంలో నెగ్గిందని పరిశోధకులు భావించారు. అయితే ఈ రూపాంతరం రక్తపోటును పెంచుతుందని దీని నుండి నిర్ధారించరాదు. ఒకే ఆమ్లం నుండి పరస్పర విరుద్ధమైన పదార్థాలు రెండూ తయారవుతున్నాయి. ఒకే నూనె అన్ని జనాభాలలో ఒకే విధంగా జీవక్రియ చెందదన్నదే దీని సారాంశం.

మనిషి జన్యువును మార్చలేకపోయినా మొక్క జన్యువును ఎంపిక చేసుకోవచ్చు. వేరుశనగలోని రెండు ఎఫ్‌ఎడి2 జన్యువులూ పనిచేయని రకాలలో ఓలియిక్ ఆమ్లం సుమారు 80 శాతానికి చేరుతుంది. సాధారణ రకాలలో ఇది 45 నుండి 50 శాతం మాత్రమే. జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధనా సంస్థ, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కృషితో 2020లో విడుదలైన గిర్నార్-4, గిర్నార్-5 ఇటువంటి రకాలే. సంతృప్త కొవ్వుల స్థానంలో ఓలియిక్ ఆమ్లం గల నూనె వాడితే ఎల్‌డిఎల్ తగ్గుతుంది. గింజ, నూనె త్వరగా మక్కు వాసన పట్టవు. అనంతపురం ప్రాంతం వంటి వేరుశనగ మండలాలకు ఇది మేలైన అవకాశం. కానీ ఈ రకాలను ప్రచారం చేసేటప్పుడు “రక్తపోటును తగ్గించే వేరుశనగ” అని చెప్పడం శాస్త్రసమ్మతం కాదు. ఈ రకాల మేలు ప్రధానంగా కొవ్వు మార్గానికి చెందినది.

విస్తరణ సేవలకు అన్వయం

1. నూనె సలహాను, ఉప్పు సలహాను విడివిడిగా, రెండింటినీ తప్పనిసరిగా చెప్పాలి. నూనె ఎంపిక ఎల్‌డిఎల్‌పై, ఉప్పు పరిమాణం రక్తపోటుపై ప్రధానంగా పనిచేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు ప్రకారం పెద్దవారు రోజుకు 5 గ్రాములకు తక్కువ, అంటే ఒక టీ చెంచాకు లోపు ఉప్పు వాడాలి. ఊరగాయ, అప్పడం, వడియం, ఊరమిరపకాయ, ఎండుచేపలలోని ఉప్పు కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

2. కృషి విజ్ఞాన కేంద్రాలు మహిళా సంఘాలకు పచ్చళ్లు, అప్పడాల తయారీలో శిక్షణ ఇచ్చేటప్పుడు ఉప్పును కొలిచి వాడడం, ప్యాకెట్టుపై పరిమాణం ముద్రించడం పాఠ్యాంశంలో చేర్చాలి. ఆదాయం కోసం నేర్పిన విద్య ఆ కుటుంబాల ఆరోగ్యానికి చేటు కారాదు.

3. సామూహికంగా ఉప్పును మార్చడం సాధ్యమేనని చైనా అనుభవం చూపింది. అక్కడి 600 గ్రామాలలో సుమారు 21,000 మందిపై జరిగి 2021లో ప్రచురితమైన పరీక్షలో, నాలుగో వంతు పొటాషియం క్లోరైడు కలిపిన ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. అయితే మూత్రపిండ వ్యాధి ఉన్నవారు, శరీరంలో పొటాషియంను నిలిపి ఉంచే మందులు వాడేవారు వైద్యుని సలహా లేకుండా ఇటువంటి ఉప్పును వాడరాదు.

4. శరీర బరువు రెండు మార్గాలకూ ఉమ్మడి మూలం. యాంత్రీకరణ వల్ల శారీరక శ్రమ తగ్గిన వ్యవసాయ కుటుంబాలకు ఈ విషయాన్ని ప్రత్యేకంగా వివరించాలి.

5. సాధారణ కుటుంబాలకు ఖరీదైన జన్యు పరీక్షలు అవసరం లేదు. కుటుంబ చరిత్రను అడిగి తెలుసుకోవడమే చవకైన, ఉపయోగకరమైన జన్యు సమాచారం. చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారు ఇంట్లో ఉంటే, రక్త సంబంధీకులందరూ పిల్లలతో సహా కొలెస్టరాల్ పరీక్ష చేయించుకోవాలి.

6. రక్తపోటు లక్షణాలు లేకుండానే పెరుగుతుంది కనుక కొలిచి చూడడమే మార్గం. 2017లో ప్రారంభమైన భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి దశ రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. రైతు సమావేశాలు, కిసాన్ మేళాలలో ఆరోగ్య శాఖ సహకారంతో రక్తపోటు కొలిచే ఏర్పాటు చేయవచ్చు. మందులు వాడుతున్నవారు నూనె మార్చామన్న ధీమాతో మందు మానరాదని స్పష్టంగా చెప్పాలి.

పరిశోధనకు అవకాశాలు

ఇప్పటి వరకు జరిగిన పెద్ద జన్యు అధ్యయనాలలో అత్యధికం ఐరోపా సంతతికి చెందినవారిపై జరిగినవి. అంతర్వివాహ సంప్రదాయం వల్ల ఉపజనాభాలుగా విడివడిన దక్షిణ భారత సమాజానికి ఆ ఫలితాలను యథాతథంగా వర్తింపజేయడం సరికాదు. జన్యు రూపాంతరం, వాడే నూనె, ఉప్పు పరిమాణం, రక్తపోటు ఈ నాలుగింటినీ ఒకే కుటుంబాలలో కలిపి కొలిచే అధ్యయనాలు అవసరం. నూనెగింజల ప్రజననం, గృహవిజ్ఞానం, గణాంక శాస్త్రం ఒకే ప్రాంగణంలో ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, వైద్య సంస్థల సహకారంతో ఈ పనికి అనువైనవి.

ముగింపు

కొవ్వుల జీవక్రియలోని జన్యు వైవిధ్యం ప్రధానంగా ఎల్‌డిఎల్‌ను, దాని ద్వారా ధమనులలో కొవ్వు పేరుకోవడాన్ని నిర్ణయిస్తుంది. రక్తపోటును ప్రధానంగా నిర్ణయించేవి మూత్రపిండాల ఉప్పు నిర్వహణ, శరీర బరువు, వయసు, ఇంకా వందలాది జన్యువుల స్వల్ప ప్రభావాలు. ఈ రెండు మార్గాలు ధమని గోడ వద్ద కలిసి ఒకదాని నష్టానికి మరొకటి తోడవుతాయి. కాబట్టి గ్రామీణ కుటుంబానికి చెప్పవలసిన మాట స్పష్టం: వంశపారంపర్యంగా వచ్చిన ముప్పును ముందుగా తెలుసుకోవాలి, నూనెను ఎంచుకోవాలి, ఉప్పును కొలవాలి, రక్తపోటును పరీక్షించుకోవాలి. వీటిలో ఏ ఒక్కటి చేసినా మిగిలినవి మానడానికి అది కారణం కారాదు.